ఇంక్‌జెట్ ప్రింటర్‌కు కంపాటిబుల్ కార్ట్రిడ్జ్ ఎంచుకునే పద్ధతి

ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్‌లో ఇంకు అయిపోయినప్పుడు ఆ ప్రింటర్ తయారీ సంస్థ అమ్మే కార్ట్రిడ్జే కొనాలా, అదే నంబరు పేరుతో ఇతర సంస్థలు తక్కువ ధరకు అమ్మే కంపాటిబుల్ కార్ట్రిడ్జ్ సరిపోతుందా అన్న ప్రశ్నకు అందరికీ వర్తించే ఒకే సమాధానం లేదు. ధర, నంబరు, చిప్ అన్నీ చూసుకోవలసినవే. అయితే వాటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. కాగితం మీద ఇంకును చిమ్మే ప్రింట్ హెడ్ కార్ట్రిడ్జ్‌కే అమర్చి ఉందా, లేక ప్రింటర్‌లో ఉందా అన్నదే ఆ విషయం. హెడ్ కార్ట్రిడ్జ్‌తో పాటు మారిపోయేదైతే, నాసిరకం సరుకు కొన్నందుకు సాధారణంగా నష్టపోయేది ఆ కార్ట్రిడ్జ్ ఖరీదు మాత్రమే. హెడ్ ప్రింటర్‌లోనే ఉండేదైతే, నాసిరకం ఇంకు వల్ల మొత్తం ప్రింటరే పనికిరాకుండా పోవచ్చు. ఎంత జాగ్రత్త పడాలో, తక్కువ ధరకు ఎంతవరకు ఆశపడవచ్చో చాలావరకు దీన్ని బట్టే నిర్ణయించుకోవాలి.

హెడ్ ఎక్కడ ఉందో గుర్తించడం

ప్రింటర్ మూత తెరిచి కార్ట్రిడ్జ్‌ను ఒకసారి బయటికి తీసి చూస్తే ఈ విషయం తెలిసిపోతుంది. ప్రింటర్‌లో నలుపుకు ఒకటి, మూడు రంగులకూ కలిపి ఒకటి, మొత్తం రెండే కార్ట్రిడ్జ్‌లు ఉండి, వాటి ఒక పక్క రాగి రంగు చుక్కల పట్టీ, అడుగున కంటికి ఆనీ ఆనని రంధ్రాలున్న సన్నని లోహపు రేకు కనిపిస్తే, హెడ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉన్నట్టు. హెచ్‌పీ డెస్క్‌జెట్ ప్రింటర్లలో చాలావాటికి, కెనన్ పిక్స్‌మాలో పీజీ, సీఎల్ అక్షరాలతో మొదలయ్యే కార్ట్రిడ్జ్‌లు వాడే మోడళ్లకు ఇదే అమరిక.

ప్రతి రంగుకూ విడిగా ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉండి, దాని మీద కొద్దిపాటి బంగారు రంగు చుక్కలతో చిన్న చిప్, ఇంకు బయటికి వచ్చేందుకు ఒక రంధ్రమో స్పాంజి ముక్కో మాత్రమే కనిపిస్తే, అది ఉత్త ఇంకు డబ్బా. హెడ్ ప్రింటర్‌లో ఉంది. ఎప్సన్, బ్రదర్ సంస్థల ఇంటి ప్రింటర్లు, కెనన్‌లో పీజీఐ, సీఎల్ఐ కార్ట్రిడ్జ్‌లు వాడేవి, హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రో శ్రేణి ఈ కోవలోకి వస్తాయి. కెనన్‌లో ఇలాంటి కొన్ని మోడళ్లలో హెడ్‌ను విడిగా తీసి మార్చుకునే వీలుంది గాని, కొత్త హెడ్ ధర చాలాసార్లు ప్రింటర్ ధరకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దాన్ని ధీమాగా తీసుకోలేము. కార్ట్రిడ్జ్ లేకుండా సీసాతో ఇంకు నింపుకునే ట్యాంక్ ప్రింటర్లలో కూడా హెడ్ ప్రింటర్‌లోనే ఉంటుంది. అందువల్ల ఇంకు రకం గురించి కింద చెప్పినదంతా వాటికీ వర్తిస్తుంది.

కంపాటిబుల్ పేరుతో అమ్మే రకాలు

కంపాటిబుల్ అనే ఒక్క పేరు కింద వేర్వేరు సరుకులు అమ్ముడవుతుంటాయి. మొదటి రకంలో డబ్బా, చిప్, ఇంకు అన్నీ మరో సంస్థ కొత్తగా తయారు చేసినవే. రెండో రకం రీమాన్యుఫాక్చర్డ్: వాడి పారేసిన అసలు కార్ట్రిడ్జ్‌ను సేకరించి, కడిగి, మళ్ళీ ఇంకు నింపి, పరీక్షించి అమ్ముతారు. దుకాణంలో సూదితో ఇంకు నింపి ఇచ్చే రీఫిల్ కూడా దీనికి దగ్గరిదే గాని, అందులో శుభ్రపరచడం, పరీక్షించడం సాధారణంగా ఉండవు.

హెడ్ ఉన్న కార్ట్రిడ్జ్‌ను కొత్తగా తయారు చేయడం కష్టమైన పని. అందుకే అలాంటి ప్రింటర్లకు దొరికే కంపాటిబుల్‌లలో ఎక్కువ భాగం రీమాన్యుఫాక్చర్డ్ రకమే. వాటిలో ఇంకు ఎంత మంచిదైనా హెడ్ మాత్రం ఒక జీవితం గడిపి వచ్చినదే. అది ఎన్నిసార్లు నింపిన డబ్బానో కొనేవారికి తెలిసే మార్గం లేదు. ఈ రకంలో ఒకటి చక్కగా పనిచేసి, అదే సంస్థ అమ్మిన మరొకటి మొదటి పేజీ నుంచే గీతలు పెట్టడానికి కారణం ఇదే. కాబట్టి ఇక్కడ బ్రాండు పేరు కంటే, పనిచేయకపోతే ప్రశ్నించకుండా మార్చి ఇస్తారా అన్నదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. విడి రంగుల డబ్బాల విషయంలో కొత్తగా తయారైనవి ధారాళంగా దొరుకుతాయి. వాటిలో హెడ్ బెంగ ఉండదు గాని చిప్ సమస్య, ఇంకు సమస్య ముందుకు వస్తాయి.

ఈ రెంటిలోనూ చేరనిది నకిలీ సరుకు. కంపాటిబుల్ అమ్మే నిజాయతీ గల సంస్థ తన పేరును పెట్టె మీద స్పష్టంగా వేసుకుని, ఫలానా ప్రింటర్లకు సరిపోతుందని చెబుతుంది. ప్రింటర్ సంస్థ పేరు, ముద్ర, పెట్టె రంగులు దించేసి అసలు ధరకు కొంచెం తక్కువగా అమ్మేది నకిలీ. అది కంపాటిబుల్ కంటే ఎక్కువ ధర పలికినా దాని నాణ్యతకు ఎవరూ పూచీ పడరు.

నంబరు సరిచూసుకోవడం

ప్రింటర్ మోడల్ పేరును బట్టి కార్ట్రిడ్జ్ వెతకడం కంటే, ఇప్పుడు ప్రింటర్‌లో ఉన్న కార్ట్రిడ్జ్ మీది నంబరును బట్టి వెతకడం మేలు. ఒకే ప్రింటర్ మోడల్‌ను వేర్వేరు ప్రాంతాలలో వేర్వేరు నంబర్ల కార్ట్రిడ్జ్‌లతో అమ్మడం ఈ పరిశ్రమలో మామూలే. ఎప్సన్ ఎక్స్‌పీ-4100 ప్రింటర్ ఉత్తర అమెరికాలో 212 నంబరు కార్ట్రిడ్జ్‌ను, ఐరోపాలో 603 నంబరు కార్ట్రిడ్జ్‌ను వాడుతుంది. కెనన్‌లో ఉత్తర అమెరికాకు పీజీ-245, ఐరోపాకు పీజీ-545, ఆసియాకు పీజీ-745 అని ఒకే కుటుంబానికి మూడు నంబర్లున్నాయి. హెచ్‌పీలో ఉత్తర అమెరికా 63కూ ఐరోపా 302కూ ఆకారంలో తేడా కనిపించదు గాని, ఒక ప్రాంతపు కార్ట్రిడ్జ్‌ను మరో ప్రాంతపు ప్రింటర్ ఒప్పుకోదు. విదేశం నుంచి తెచ్చుకున్న ప్రింటర్‌కు గాని, ఇతర దేశాల నుంచి సరుకు పంపే ఆన్‌లైన్ విక్రేత దగ్గర కొనేటప్పుడు గాని ఈ సంగతి గుర్తుంచుకోకపోతే, గూటిలో చక్కగా కూర్చున్న కార్ట్రిడ్జ్ పనిచేయడం లేదెందుకో అర్థం కాదు.

నంబరు చివర ఎక్స్ఎల్ అని ఉంటే అందులో ఇంకు ఎక్కువ ఉందని అర్థం. చాలా ప్రింటర్లలో మామూలు కార్ట్రిడ్జ్ స్థానంలో అదే నంబరు ఎక్స్ఎల్ పెట్టుకోవచ్చు, సాధారణంగా పేజీకి అయ్యే ఖర్చు కూడా తగ్గుతుంది. కొత్త ప్రింటర్‌తో పాటు వచ్చే సెటప్ కార్ట్రిడ్జ్‌లలో చాలాసార్లు ఇంకు తక్కువగా ఉంటుంది. వాటి మీద సెటప్ అని మాత్రమే రాసి ఉండి, కొనవలసిన నంబరు కనిపించకపోతే, ప్రింటర్ మూత లోపలి స్టిక్కరులోనో వాడుక పుస్తకంలోనో వెతకాలి.

కెనన్ ఐదు డబ్బాల ప్రింటర్లలో మరో తిరకాసు ఉంది. వాటిలో నలుపులు రెండుంటాయి. పీజీఐ అని ఉన్న పెద్ద డబ్బాలోది అక్షరాలకు వాడే పిగ్మెంట్ నలుపు, సీఎల్ఐ అని ఉన్న చిన్న డబ్బాలోది ఫొటోలకు వాడే డై నలుపు. అయిపోయినది ఏదో చూసుకోకుండా నలుపు అని మాత్రమే చెప్పి కొంటే ఇంట్లో ఇంకా నిండుగా ఉన్నదే మళ్ళీ వచ్చి చేరుతుంది.

చిప్, ఫర్మ్‌వేర్

చిప్ పని రెండు విధాలుగా ఉంటుంది: కార్ట్రిడ్జ్ ఎవరిదో ప్రింటర్‌కు చెప్పడం, ఎంత ఇంకు ఖర్చయిందో లెక్క రాసుకోవడం. కంపాటిబుల్ కొన్నవారి ఫిర్యాదులలో పెద్ద వాటా మొదటి పనికి సంబంధించినది. ప్రింటర్‌లోని ఫర్మ్‌వేర్ అనే అంతర్గత ప్రోగ్రామ్ ఏ చిప్‌ను ఒప్పుకోవాలో నిర్ణయిస్తుంది. ఇంటర్నెట్ ద్వారా ఆ ప్రోగ్రామ్ మారితే, నిన్నటి దాకా నడిచిన చిప్‌ను ఇవాళ తిరస్కరించవచ్చు. 2016 సెప్టెంబరు 13న హెచ్‌పీ ఆఫీస్‌జెట్ శ్రేణులు వాడే చాలామందికి ఇదే ఎదురైంది. ఇతర సంస్థల చిప్ ఉన్న కార్ట్రిడ్జ్‌లను ఆ ప్రింటర్లు ఒక్కసారిగా నిరాకరించాయి. విమర్శలు వచ్చిన తర్వాత, ఆ అడ్డు తొలగించే ఫర్మ్‌వేర్‌ను కోరినవారికి హెచ్‌పీ అందుబాటులో ఉంచింది. డైనమిక్ సెక్యూరిటీ అని ఆ సంస్థ పిలిచే ఈ ఏర్పాటు తర్వాతి మోడళ్లలోనూ కొనసాగింది. ఇది చూసేది చిప్‌నే కాబట్టి, హెచ్‌పీ అసలు చిప్ అలాగే ఉంచి ఇంకు మాత్రం నింపిన రీమాన్యుఫాక్చర్డ్ కార్ట్రిడ్జ్‌లు దీన్ని దాటగలుగుతాయి. హెచ్‌పీ ప్రింటర్ ఉన్నవారు కొనే ముందు విక్రేత వివరణలో అసలు చిప్ ఉన్నదని రాశారో లేదో చూడడం అందుకే అవసరం.

అన్ని ప్రింటర్లకూ ఈ దారి కూడా తెరిచి ఉండదు. మోడల్ పేరు చివర ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం ఉన్న హెచ్‌పీ ప్రింటర్లకు మొదటిసారి సెటప్ చేసేటప్పుడు హెచ్‌పీ ప్లస్ అనే పథకంలో చేరమని తెర మీద అడుగుతుంది. చేరినవారి ప్రింటర్ ఇంటర్నెట్‌కు అనుసంధానమై ఉండాలి, అందులో హెచ్‌పీ అసలు ఇంకే వాడాలి. అలా చేరిన ప్రింటర్‌కు కంపాటిబుల్ కొనడం డబ్బు వృథా చేసుకోవడమే. నెలవారీ చందా కింద హెచ్‌పీ పంపే ఇన్‌స్టంట్ ఇంక్ కార్ట్రిడ్జ్‌లు కూడా చందా ఆగిపోగానే పనిచేయడం మానేస్తాయి కాబట్టి, చందా రద్దు చేసుకోబోయేవారు ముందుగా వేరే కార్ట్రిడ్జ్ సిద్ధం చేసుకోవాలి. ఇవి కాక కార్ట్రిడ్జ్ ప్రొటెక్షన్ అనే అమరిక ఒకటి ఉంది. అది అమలులో ఉన్న ప్రింటర్‌లో ఒకసారి పెట్టిన కార్ట్రిడ్జ్ ఆ ప్రింటర్‌కే శాశ్వతంగా కట్టుబడిపోతుంది. అలాంటి డబ్బాను ఎవరైనా మళ్ళీ నింపి అమ్మితే, అది మరొక ప్రింటర్‌లో రక్షితమైనదని మీ ప్రింటర్ చెబుతుంది. ఇందులో కొన్నవారి తప్పేమీ లేదు. వెనక్కి పంపడమే మార్గం.

ఫర్మ్‌వేర్ ఆటోమేటిక్‌గా మారకుండా చాలా ప్రింటర్లలో సెట్టింగ్ ద్వారా ఆపుకోవచ్చు. అయితే భద్రతా లోపాలు సరిదిద్దే మార్పులు కూడా ఆ దారిలోనే వస్తాయన్నది మరచిపోకూడదు. మార్పులు పూర్తిగా ఆపడం కంటే, నడుస్తున్న కార్ట్రిడ్జ్ ఆగిపోతే వేరొకటి కొనుక్కునే పరిస్థితిలో ఉండడం నయమని నా అభిప్రాయం. డజను కార్ట్రిడ్జ్‌ల పెద్ద ప్యాక్ ఒకేసారి కొనవద్దని చెప్పడానికి ఇది మొదటి కారణం.

చిప్ రెండో పని, అంటే లెక్క రాయడం, తక్కువ బాధ పెడుతుంది. అసలు కార్ట్రిడ్జ్ కాదని ఎప్సన్ ప్రింటర్ తెర మీద హెచ్చరిక వస్తే, కొనసాగించు అన్న ఎంపిక నొక్కితే సాధారణంగా పని జరుగుతుంది. మళ్ళీ నింపిన కార్ట్రిడ్జ్ ఖాళీగా ఉందని కెనన్ పిక్స్‌మా చెబితే, ఎన్నో మోడళ్లలో స్టాప్ బటన్‌ను కనీసం 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఇంకు మట్టం చూపడం మానేసి ముద్రణకు ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ఇంకు నిజంగా ఎప్పుడు అయిపోతుందో ప్రింటర్ చెప్పదు. అక్షరాలు పలచబడగానే ఆపేయాలి, ఎందుకంటే వేడితో పనిచేసే హెడ్‌ను ఇంకు లేకుండా నడిపితే అది దెబ్బతింటుంది.

ఇంకు రకం

హెడ్ ప్రింటర్‌లో ఉన్నవారు అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసినది ఇదే. ఇంటి ప్రింటర్ ఇంకులు ప్రధానంగా రెండు రకాలు. డై ఇంకులో రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉంటుంది. ఫొటోలలో మెరుపుగా కనిపిస్తుంది గాని, మామూలు కాగితం మీద తడి తగిలితే పాకుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు అతి సూక్ష్మమైన రేణువులుగా తేలుతూ ఉంటుంది. కాగితం పైపొరలోనే నిలిచి అక్షరాలు కచ్చితంగా వస్తాయి, నీటికీ వెలుతురుకూ బాగా తట్టుకుంటుంది. చాలా ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్, రంగులు డై. ఎప్సన్‌లో డ్యూరాబ్రైట్ పేరున్నవి అన్ని రంగులూ పిగ్మెంటే, క్లారియా పేరుతో సాధారణంగా వచ్చేవి డై. డై కోసం రూపొందించిన చోట పిగ్మెంట్ పోస్తే సన్నని నాళాలు పూడుకుపోయే ప్రమాదం ఉంది. పిగ్మెంట్ చోట డై పోస్తే హెడ్‌కు అంత ముప్పు లేదు గాని, నీరు తగిలినా చెదరవనుకున్న కాగితాలు చెదిరిపోతాయి. అసలు కార్ట్రిడ్జ్‌లో ఏ రకం ఉందో అదే రకమని పెట్టె మీదో విక్రేత వివరణలోనో స్పష్టంగా రాసిన సరుకునే తీసుకోవాలి. ఏ రకమో చెప్పని విక్రేతను వదిలేయడం మంచిది.

అన్ని ప్రింటర్లకూ పనికివస్తుందనే యూనివర్సల్ ఇంకును కూడా ఇదే కారణంతో అనుమానించాలి. హెచ్‌పీ, కెనన్ హెడ్‌లలో అతి చిన్న హీటర్ ఇంకు పొరను రెప్పపాటు కంటే ఎంతో తక్కువ కాలంలో సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే, పుట్టిన ఆవిరి బుడగ చుక్కను బయటికి నెడుతుంది. ఎప్సన్, బ్రదర్ హెడ్‌లలో వేడి ఉండదు. విద్యుత్తు అందగానే ఆకారం మార్చుకునే పీజో పదార్థం చుక్కను నొక్కి పంపుతుంది. ఆ వేడికి తట్టుకునేలా తయారు చేయని ఇంకు హీటర్ మీద మాడి పొరకడుతుంది, చుక్కలు క్రమంగా బలహీనపడతాయి. చిక్కదనం, ఉపరితల తన్యత కూడా ఒక్కో హెడ్‌కు ఒక్కో విధంగా ఉండాలి కాబట్టి, అన్నిటికీ సరిపోతుందనే ఇంకు దేనికీ పూర్తిగా సరిపోకపోవచ్చు.

ఫొటోల కోసం కొనేవారు మరొకటి ఆలోచించాలి. ఫొటో ఎన్నేళ్లు నిలుస్తుందని ప్రింటర్ సంస్థలు చెప్పే లెక్కలు వాటి సొంత ఇంకు, వాటి సొంత కాగితం కలిపి పరీక్షించి చెప్పేవి. అవి కంపాటిబుల్ ఇంకుకు వర్తించవు. గోడకు తగిలించే ఫొటోలకు అసలు ఇంకు వాడి, పిల్లల పాఠాలకు, దరఖాస్తులకు కంపాటిబుల్ వాడడం ఒక్క ప్రింటర్‌తో కుదిరే పని కాదు. కాబట్టి మీరు ఎక్కువగా ముద్రించేది ఏదో దాన్ని బట్టే నిర్ణయించుకోవాలి.

ధర లెక్క

కార్ట్రిడ్జ్ ధరను అది ముద్రించే పేజీల సంఖ్యతో భాగించి పోల్చాలి. రంగుల ఇంక్‌జెట్ కార్ట్రిడ్జ్‌ల పేజీల సంఖ్య కొలవడానికి ఐఎస్ఓ/ఐఈసీ 24711 అనే ప్రమాణం ఉంది. ప్రింటర్ సంస్థలు సాధారణంగా దాని ప్రకారమే సంఖ్య చెబుతాయి. కంపాటిబుల్ పెట్టెల మీద తరచు ఆ ప్రమాణం పేరు ఉండదు, కాగితంలో 5 శాతం నిండితే ఇన్ని పేజీలు అని మాత్రం ఉంటుంది. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి కచ్చితంగా పోల్చడం సరికాదు. పైగా ప్రమాణ పరీక్షలో పేజీలు ఏకధాటిగా ముద్రిస్తారు. ఇంట్లో అప్పుడప్పుడు ముద్రిస్తే హెడ్ శుభ్రపరచుకోవడానికే కొంత ఇంకు ఖర్చవుతుంది కాబట్టి అన్ని పేజీలు రావు. ఇంకు మిల్లీలీటర్లలో ఎక్కువ ఉందన్న ప్రకటనకు కూడా పొంగిపోనక్కరలేదు. చిప్ లెక్క పూర్తయితే డబ్బాలో ఇంకు మిగిలి ఉన్నా ప్రింటర్ ఆగిపోవచ్చు.

విక్రేతను చూసేటప్పుడు మీ ప్రింటర్ మోడల్ పేరు జాబితాలో ఉందా, ఇటీవలి నెలల్లో అదే మోడల్‌తో వాడినవారు ఏమన్నారు, ప్రింటర్ గుర్తించకపోతే డబ్బు వాపసు ఇస్తారా అన్నవి చూస్తే చాలు. పాత సమీక్షలకు విలువ తక్కువ, ఎందుకంటే ఆ తర్వాత ఫర్మ్‌వేర్ మారి ఉండవచ్చు.

పెట్టి పరీక్షించడం

కొత్తది చేతికి వచ్చేదాకా పాత కార్ట్రిడ్జ్‌ను తీయకూడదు. ముఖ్యంగా హెడ్ ప్రింటర్‌లో ఉన్నప్పుడు గూడు ఖాళీగా వదిలేస్తే లోపలి ఇంకు ఎండుతుంది. చల్లని చోటి నుంచి తెచ్చిన కార్ట్రిడ్జ్‌ను కనీసం 3 గంటలు గది వేడిలో ఉంచి తర్వాత విప్పాలి. ఇంకు కారే రంధ్రం మీది మూతను, గాలి రంధ్రం మీది రంగు టేపును పూర్తిగా తీయాలి. గాలి రంధ్రం మూసి ఉంటే మొదటి కొన్ని పేజీలు బాగానే వచ్చి, ఆ తర్వాత ఇంకు దిగడం ఆగిపోతుంది. చాలామంది దాన్ని నాసిరకం కార్ట్రిడ్జ్ అనుకుంటారు. రాగి రంగు చుక్కలను, చిప్‌ను వేలితో తాకకూడదు.

విడి రంగుల ప్రింటర్‌లో మొదటిసారి కంపాటిబుల్ వాడేవారు అన్ని రంగులూ ఒకేసారి మార్చకుండా, అయిపోయిన ఒక్క రంగునే మార్చి కొన్నాళ్లు చూడడం తెలివైన పని. పెట్టగానే నాజిల్ చెక్ (హెడ్‌లో ఇంకు చిమ్మే రంధ్రాలు, అంటే నాజిళ్లు, అన్నీ పనిచేస్తున్నాయో లేదో గీతలతో చూపే పరీక్ష పేజీ) ముద్రించి ఆ కాగితాన్ని దాచుకోవాలి. పది పదిహేను రోజుల తర్వాత మళ్ళీ ముద్రించి రెండూ పక్కపక్కన పెడితే, కొత్త రంగు గీతలలో ఖాళీలు పెరుగుతున్నాయో లేదో తెలుస్తుంది. మొదటే ఖాళీలు కనిపిస్తే హెడ్ క్లీనింగ్ రెండు మూడు సార్లకు మించి చేయకుండా, ప్రింటర్‌ను ఆపి కొన్ని గంటలు వదిలేసి మళ్ళీ చూడాలి. ప్రతి క్లీనింగ్‌కూ అన్ని రంగుల ఇంకూ ఖర్చవుతుంది, ఆ ఇంకంతా ప్రింటర్ అడుగున ఉండే ప్యాడ్‌లోకి చేరుతుంది, ఆ ప్యాడ్ నిండిందని లెక్క తేలితే కొన్ని ప్రింటర్లు ముద్రించడమే మానేస్తాయి. హెడ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉన్నవారికి ఈ ఓపిక అంతగా అవసరం లేదు. మెత్తని తడి బట్ట మీద నాజిల్ రేకును ఒకసారి అద్ది చూసి, అప్పటికీ గీతలు పోకపోతే గడువు దాటకముందే వెనక్కి పంపేయాలి.

నిల్వ పెట్టుకునేవి ఒకటి రెండు చాలు. ఇంకుకు గడువు తేదీ ఉంటుంది, అది పెట్టె మీద చూసుకోవాలి. విప్పిన కార్ట్రిడ్జ్‌ను ఆరు నెలల్లో వాడేయమని ఎప్సన్ సూచిస్తుంది, మిగతా వాటికీ అదే లెక్క పెట్టుకోవచ్చు. నెలకు రెండు మూడు పేజీలు మాత్రమే ముద్రించేవారికి, అందులోనూ హెడ్ ప్రింటర్‌లో ఉన్నవారికి, కంపాటిబుల్ వల్ల మిగిలేది చాలా తక్కువ. అలాంటి ఇంట్లో అసలు కార్ట్రిడ్జ్ కొని, వారానికి ఒక రంగుల పేజీ ముద్రిస్తూ నాజిళ్లు ఎండకుండా చూసుకుంటే సరిపోతుంది.